డిజిటల్ పాటల సేకరణలో లౌడ్‌నెస్ కొలత, వాల్యూమ్ సర్దుబాటు

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో దాచుకున్న పాటలు వరుసగా వినిపిస్తున్నప్పుడు ఒక పాటకీ మరో పాటకీ మధ్య సౌండ్ ఎగుడుదిగుళ్లు లేకుండా చూసే పద్ధతి వాల్యూమ్ సర్దుబాటు. ఇందులో రెండు పనులున్నాయి. మొదటిది, పాట మొత్తం మీద మనిషి చెవికి ఎంత బిగ్గరగా తోస్తుందో లెక్కగట్టడం. దీన్ని లౌడ్‌నెస్ కొలత అంటారు. రెండోది, ఆ లెక్కను బట్టి పాట మొదలయ్యే ముందే వాల్యూమ్‌ను కావలసినంత పెంచి లేదా తగ్గించి ఉంచడం. పాట నడుస్తుండగా ఇక ఆ వాల్యూమ్ కదలదు. అందుకే గాయని గొంతు తగ్గించి అన్న మాటకీ, ఆ వెంటనే ఎత్తుకున్న చరణానికీ మధ్య రికార్డింగులో ఎంత తేడా ఉందో వినేటప్పుడూ అంతే ఉంటుంది. పాట లోపలి హెచ్చుతగ్గులనే కుదించే కంప్రెసర్, లిమిటర్ వంటి సాధనాలకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. పాట లోపలి హెచ్చుతగ్గులను కాపాడిన పద్ధతులే ఈ రంగంలో నిలిచాయి.

తెలుగు పాటలు పోగుచేసుకున్నవారికి ఈ ఎగుడుదిగుళ్లు నిత్యానుభవం. 1950ల నాటి ఘంటసాల పాట, 1980ల ఇళయరాజా పాట, నిరుడు విడుదలైన సినిమా పాట ఒకే జాబితాలో కలిసి వస్తే మొదటిదానికి వాల్యూమ్ పెంచాలి, చివరిదానికి ఉలిక్కిపడి తగ్గించాలి. ఆ మూడూ మూడు తరాల రికార్డింగు పద్ధతుల్లో, మూడు రకాల మాధ్యమాల కోసం తయారైనవి. వాటి మధ్య 10 డెసిబెల్స్ తేడా ఉండటం అరుదేమీ కాదు. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి సౌండు ఇంచుమించు రెట్టింపైనట్టు అనిపిస్తుంది.

పీక్ ఎందుకు చాలదు

డిజిటల్ ఆడియోలో ధ్వని తరంగం అంకెల వరుసగా నిలవ ఉంటుంది. ఆ అంకె చేరుకోగల గరిష్ఠ విలువను 0 డెసిబెల్స్‌గా తీసుకుని, మిగిలిన విలువలన్నిటినీ దానికి దిగువన మైనస్‌లో చెబుతారు. పాటలను సమం చేయడానికి మొదట్లో వాడిన పద్ధతి చాలా సూటిది. పాటలో అన్నిటికంటే ఎత్తైన బిందువును, అంటే పీక్‌ను వెతికి, అది గరిష్ఠాన్ని తాకేదాకా మొత్తం పాటను పెంచేవారు. ఈ పద్ధతి పనికి రాలేదు. సీడీలో సెకనుకు 44,100 అంకెలుంటాయి. పీక్ అంటే వాటిలో ఒకే ఒక్కటి. చెవి అలా ఒక్క బిందువును పట్టుకుని తీర్పు చెప్పదు, కొంతసేపటి ధ్వనిని కూడబెట్టుకుని గ్రహిస్తుంది.

గ్రామఫోన్ రికార్డు నుంచి ఎక్కించిన పాటలో ఈ లోపం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 78 ఆర్‌పీఎం లక్క రికార్డు మీద ఒక గీత, ఒక దుమ్ము రేణువు చేసే టక్కుమనే చప్పుడు అంకెల్లో గాయకుడి గొంతు కంటే చాలా ఎత్తుకు పోతుంది. పీక్‌ను బట్టి సమం చేస్తే ఆ టక్కుమనే చప్పుడే గరిష్ఠాన్ని తాకి ఆగిపోతుంది, పాట అడుగునే ఉండిపోతుంది. కొత్త సినిమా పాటలో దాదాపు ప్రతి తాళం దెబ్బా గరిష్ఠాన్ని తాకుతూనే ఉంటుంది. పీక్ లెక్కలో ఈ రెండు పాటలూ సమానమే. వినేవారికి మాత్రం ఒకటి గొణుగుడు, మరొకటి అరుపు.

చెవికి ఇంకో స్వభావం ఉంది. అన్ని పౌనఃపున్యాలనూ అది ఒకేలా వినదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో హార్వే ఫ్లెచర్, విల్డెన్ మన్సన్ ఈ సంగతిని కొలిచి 1933లో వక్రరేఖలుగా ప్రచురించారు. 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ దాకా చెవి చాలా చురుకు. లోతైన మంద్ర ధ్వనుల దగ్గర అది బాగా మొద్దు. 1,000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్‌తో వినిపించే ధ్వనికి సమానంగా తోచాలంటే 100 హెర్ట్జ్ ధ్వనికి 60 డెసిబెల్స్ పైగా కావాలి. పైగా సౌండ్ పెంచే కొద్దీ ఈ తేడా తగ్గుతూ పోతుంది. అందువల్ల పాటలోని శక్తిని యథాతథంగా కూడితే చాలదు. మంద్రానికి తక్కువ విలువ, చెవి చురుగ్గా వినే భాగానికి ఎక్కువ విలువ ఇస్తూ వడగట్టి, ఆ తర్వాతే సగటు తీయాలి. తర్వాత వచ్చిన పద్ధతులన్నీ ఈ దారినే నడిచాయి.

లౌడ్‌నెస్ యుద్ధం

ఒకే పాటను రెండుసార్లు, రెండోసారి కాస్త సౌండు పెంచి వినిపిస్తే, ఎక్కువమంది రెండోదే బాగుందంటారు. సంగీత పరిశ్రమను చాలాకాలం నడిపించిన బలహీనత ఇది. గ్రామఫోన్ కాలంలో సూది గాడి తప్పుతుందన్న భయం సౌండుకు ఒక హద్దు పెట్టేది. 1982లో సీడీ వచ్చాక ఆ హద్దు పోయింది. 16 బిట్ల సీడీలో అతి చిన్న ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ వెడల్పు ఉంది. అంత చోటు దొరికినా పాటలన్నీ పైనున్న కొద్ది డెసిబెల్స్‌లోనే ఇరుక్కుపోయాయి. 1994లో వేవ్స్ కంపెనీ తెచ్చిన ఎల్1 వంటి డిజిటల్ లిమిటర్లు రాబోయే పీక్‌ను ముందే చూసి అణిచేయగలవు. పీక్‌లను అణిచేస్తే మిగతా పాటనంతా పైకి జరపవచ్చు.

1995లో ఒయాసిస్ ఆల్బమ్ ‘మార్నింగ్ గ్లోరీ’, 1999లో రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ ‘కాలిఫోర్నికేషన్’ ఈ పోటీకి తరచూ చెప్పే ఉదాహరణలు. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ విడుదలైనప్పుడు అభిమానులే తిరగబడ్డారు. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో తక్కువ కుదింపుతో వచ్చాయి. సీడీ పక్కన పెట్టి పోల్చుకోగానే ఏం పోయిందో సామాన్య శ్రోతకు కూడా తెలిసింది. డ్రమ్ము దెబ్బలో పదును పోయింది, గిటార్ల వెనక గరగర చేరింది.

ఈ పోటీ విషయంలో విమర్శలు చేయలేని పనిని వాల్యూమ్ సర్దుబాటు చేసింది. ప్లేయరే ప్రతి పాటనూ ఒకే లౌడ్‌నెస్‌కు తెస్తే, నలిపి పైకి జరిపిన పాట తిరిగి కిందికి దిగుతుంది. దాని పైచేయి పోతుంది, నలిగిన లక్షణం మాత్రం మిగులుతుంది. పక్కనే నలపని పాట వినిపిస్తే దానిలో మృదంగమో డ్రమ్మో ఎంత ఎత్తుకు లేస్తున్నదో తెలుస్తుంది. 2013లో యాపిల్ తన ఐట్యూన్స్ రేడియోలో సర్దుబాటును అందరికీ తప్పనిసరి చేసినప్పుడు, మాస్టరింగ్ ఇంజనీర్ బాబ్ కాట్జ్ ఈ యుద్ధంలో చివరి పోరు గెలిచినట్టేనని ప్రకటించాడు. అలవాటు అంత తేలిగ్గా చావలేదు. అయినా బిగ్గరగా తయారుచేయడానికి ఉన్న అసలు కారణం ఆనాటి నుంచే బలహీనపడుతూ వచ్చింది.

రీప్లేగెయిన్

సొంత పాటల సేకరణలకు మొదటి చక్కని పరిష్కారం ఒక పెద్ద కంపెనీ నుంచి రాలేదు. 2001లో డేవిడ్ రాబిన్సన్ అనే బ్రిటిష్ ధ్వని శాస్త్రవేత్త రీప్లేగెయిన్ అనే ప్రతిపాదనను ప్రకటించాడు. పాటను సమాన లౌడ్‌నెస్ వక్రరేఖకు దగ్గరగా ఉండే ఫిల్టరుతో వడగట్టాలి. దాన్ని 50 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలోని శక్తిని కొలవాలి. ముక్కలన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, పైనుంచి 5 శాతం దగ్గర ఏ విలువ ఉందో దాన్నే పాట లౌడ్‌నెస్‌గా తీసుకోవాలి. పాటలో బిగ్గరగా ఉండే భాగాలే మన మనసులో దాని సౌండును నిర్ణయిస్తాయన్న గమనింపు ఈ ఎంపిక వెనక ఉంది.

లక్ష్య స్థాయిని సినిమా ధ్వని ప్రమాణాల నుంచి తెచ్చుకున్నారు. పింక్ నాయిస్ అనే పరీక్ష ధ్వనిని 83 డెసిబెల్స్‌కు సరిపెట్టడం సినిమా రంగంలో వాడుక. ఆ స్థాయిలో పాటలు మరీ నెమ్మదిగా ఉన్నాయని తర్వాత 6 డెసిబెల్స్ పెంచి 89 చేశారు. ఎంపీ3 కాలంలో పాటలు సర్దుకున్నవారికి ఈ 89 అనే అంకె గుర్తుండే ఉంటుంది.

రాబిన్సన్ పద్ధతిలో మరింత విలువైన భాగం ఫిల్టరు కాదు, ఫలితాన్ని దాచిన తీరు. రీప్లేగెయిన్ పాటలోని ఒక్క అంకెనూ మార్చదు. ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో ఆ ఒక్క సంఖ్యను, దాంతోపాటు పీక్ విలువను, ఫైలుకు తగిలించిన ట్యాగులో రాస్తుంది. పాటపేరు, గాయకుల పేర్లు ఉండే చోటే ఇదీ ఉంటుంది. ప్లేయర్ దాన్ని చదివి వాల్యూమ్ సర్దుతుంది. వద్దనుకుంటే ట్యాగు తీసేయవచ్చు, రేపు మెరుగైన కొలత వస్తే పాత సంఖ్య మీద కొత్తది రాయవచ్చు. పాట మాత్రం ఎప్పుడూ చెదరకుండా ఉంటుంది. 20 ఏళ్లకు పైగా ప్రమాణాలు మారుతూ వచ్చినా ఆనాటి సేకరణలు పాడవకుండా ఉండటానికి ఇదే కారణం. అప్పట్లో ఆడియో ఎడిటర్‌లో తెరిచి, పాటను పెంచి, మళ్లీ ఎంపీ3గా భద్రపరచినవారు ప్రతిసారీ కొంత నాణ్యతను శాశ్వతంగా పోగొట్టుకున్నారు.

గ్లెన్ సాయర్ రాసిన ఎంపీ3గెయిన్ మధ్యేమార్గం. ట్యాగులు చదవడం రాని ప్లేయర్లలో కూడా సర్దుబాటు పనిచేయాలన్నది దాని ఉద్దేశం. ఎంపీ3 ఫైలులో ప్రతి ఫ్రేముకూ మొత్తం స్థాయిని సూచించే ఒక అంకె ఉంటుంది. ఎంపీ3గెయిన్ ఆ అంకెను మాత్రమే మారుస్తుంది, పాటను విప్పి మళ్లీ కుదించదు. ఒక్కో మెట్టు 1.5 డెసిబెల్స్. అంతకంటే సన్నంగా సర్దడం కుదరదు. ఎంత మార్చిందో ఫైలులోనే రాసుకుంటుంది కాబట్టి వెనక్కి తిప్పడం సాధ్యమే. 2002లో యాపిల్ కూడా ఐట్యూన్స్‌లో సౌండ్ చెక్ పేరుతో తన సొంత పద్ధతిని చేర్చింది. అదీ సంఖ్యను ట్యాగులోనే ఉంచుతుంది.

అంతర్జాతీయ కొలమానం

పాటల ప్రపంచంలో ఇదంతా జరుగుతుండగా టీవీ రంగంలో మరో గొడవ ముదిరింది. కార్యక్రమం మధ్యలో వచ్చే ప్రకటన చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నదన్న ఫిర్యాదు అది. దాన్ని తేల్చాలంటే ముందు అందరూ ఒప్పుకునే కొలమానం ఉండాలి. కెనడాలోని కమ్యూనికేషన్స్ రీసెర్చ్ సెంటర్‌లో గిల్బర్ట్ సులోడ్ర్ శ్రోతలతో చేసిన పరీక్షల్లో, సంక్లిష్టమైన లెక్కల కంటే ఒక మామూలు ఫిల్టరు, దాని మీద సగటు శక్తి తీయడం అనే పద్ధతే మనుషుల తీర్పుకు దగ్గరగా వచ్చింది. ఆ పునాది మీద అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో బీఎస్.1770 అనే సిఫారసును వెలువరించింది.

ఇందులోని కే-వెయిటింగ్ అనే ఫిల్టరుకు రెండు అంచెలు. మొదటిది మనిషి తల అడ్డుగా ఉండటం వల్ల ధ్వనిలో వచ్చే మార్పును అనుకరిస్తూ ఎగువ పౌనఃపున్యాలను సుమారు 4 డెసిబెల్స్ పెంచుతుంది. రెండోది అట్టడుగు మంద్రాన్ని తగ్గిస్తుంది. తర్వాత అన్ని చానళ్ల శక్తినీ కూడి లాగరిథమ్ తీస్తారు. ఫలితాన్ని ఎల్‌యూఎఫ్‌ఎస్‌లలో చెబుతారు. స్టూడియోల్లో దీన్ని లఫ్స్ అంటారు కాబట్టి ఇక్కడా ఆ మాటే వాడుకుందాం. గరిష్ఠం 0 కనుక సంఖ్యలన్నీ మైనస్‌లో ఉంటాయి. −8 లఫ్స్ చాలా బిగ్గర, −23 నెమ్మది.

సగటు తీయడంలో ఒక చిక్కుంది. నాటకంలో పాత్రలు మాట్లాడని నిమిషాలు కూడా సగటులో కలిస్తే ఫలితం అన్యాయంగా తగ్గిపోతుంది. దీనికి గేటింగ్ అనే ఉపాయం పెట్టారు. ధ్వనిని 400 మిల్లీసెకన్ల ముక్కలుగా, ఒకదాని మీద ఒకటి 75 శాతం పడేలా తీసుకుంటారు. −70 లఫ్స్ కంటే తక్కువున్న ముక్కలను మౌనంగా భావించి వదిలేస్తారు. మిగిలినవాటి సగటు తీసి, ఆ సగటుకు 10 యూనిట్లకు (ఒక యూనిట్ అంటే ఒక డెసిబెల్) మించి దిగువనున్న ముక్కలను కూడా పక్కన పెట్టి, మళ్లీ సగటు తీస్తారు. ఈ గేటింగ్ 2011 సవరణతో సిఫారసులో చేరింది.

ఐరోపా ప్రసార సంస్థల కూటమి ఈబీయూ 2010లో ఆర్128 సిఫారసును తెచ్చింది. దాన్ని రూపొందించిన బృందానికి ఆస్ట్రియా ప్రసార సంస్థకు చెందిన ఫ్లోరియన్ కామెరర్ నాయకుడు. ప్రతి కార్యక్రమమూ −23 లఫ్స్ దగ్గర ఉండాలి, నిజ పీక్ −1 డెసిబెల్ దాటకూడదు అన్నది దాని సారం. అమెరికాలో ఇదే కొలమానం −24 లక్ష్యంతో అమలైంది. ప్రకటనల సౌండును అదుపు చేసే కామ్ చట్టం మీద 2010 డిసెంబరులో సంతకం జరిగింది, 2012 డిసెంబరు నుంచి అది అమలులోకి వచ్చింది.

టీవీ కోసం పుట్టిన ఈ కొలత సంగీతానికీ బాగా పనికొచ్చింది. రీప్లేగెయిన్ రెండో రూపం పాత ఫిల్టరును వదిలి బీఎస్.1770ని స్వీకరించింది, లక్ష్యాన్ని −18 లఫ్స్‌గా పెట్టుకుంది. పాత 89కి ఇది ఇంచుమించు సమానం కావడంతో పాత ట్యాగులున్న పాటలు, కొత్త ట్యాగులున్న పాటలు ఒకే సేకరణలో ఉన్నా పెద్ద తేడా రాదు. విడివిడి పాటల్లో మాత్రం ఒకటి రెండు డెసిబెల్స్ అటూఇటూ అవుతాయి. ఓపస్ ఫార్మాట్ తన ట్యాగులకు −23ను ఆధారంగా తీసుకుంది. ఈ 5 డెసిబెల్స్ తేడా తెలియని ప్లేయర్‌లో ఓపస్ పాటలు మిగతావాటి కంటే నెమ్మదిగా వినిపిస్తాయి.

ట్రాక్ గెయినా, ఆల్బమ్ గెయినా

ఈ రంగంలో నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న ఇదే. ప్రతి పాటనూ విడిగా కొలిచి సమం చేస్తే అది ట్రాక్ గెయిన్. ఆల్బమ్ మొత్తాన్ని ఒకే రచనగా కొలిచి అన్ని పాటలకూ ఒకే సర్దుబాటు ఇస్తే ఆల్బమ్ గెయిన్. ఆల్బమ్ గెయిన్‌ను పాటల సంఖ్యల సగటుగా తీయకూడదు. అన్ని పాటల ముక్కలనూ ఒకే రాశిగా పోసి గేటింగ్ నడపాలి. లేకపోతే రెండు నిమిషాల పాటకూ ఇరవై నిమిషాల పాటకూ ఒకే విలువ దక్కుతుంది.

కర్ణాటక సంగీత కచేరీ రికార్డింగును ఉదాహరణగా తీసుకుందాం. ప్రధాన కృతిని సాధారణంగా మూడు ట్రాకులుగా విడదీస్తారు: రాగాలాపన, కృతి, తని ఆవర్తనం. ఆలాపనలో గొంతు, వయొలిన్, తంబురా మాత్రమే ఉంటాయి. తనిలో మృదంగం, ఘటం విజృంభిస్తాయి. ట్రాక్ గెయిన్ పెడితే ఆలాపన పెరుగుతుంది, తని తగ్గుతుంది. కృతి ముగిసి తని మొదలయ్యే క్షణంలో సభ అంతా ఒక్కసారి వెనక్కి జరిగినట్టు సౌండు పడిపోతుంది. తంబురా శ్రుతి ఆ రెండు ట్రాకుల్లోనూ ఆగకుండా ఉంటుంది కాబట్టి అతుకు మరీ స్పష్టంగా పట్టుబడుతుంది. కచేరీకి ఆల్బమ్ గెయిన్ తప్ప మరో దారి లేదు. పాశ్చాత్య సింఫనీ కదలికలకూ, రాక్ బృందాలు ఒకదాన్నుంచి ఒకటి జారేలా కూర్చిన ఆల్బమ్‌లకూ ఇదే వర్తిస్తుంది.

గేటింగ్‌కు కూడా కచేరీ ఒక పరీక్షే. తని ఆవర్తనం చాలా బిగ్గరగా ఉన్న రికార్డింగులో మెల్లగా సాగిన ఆలాపన తొలి పలుకులు 10 యూనిట్ల గీత కిందికి పోయి లెక్కలోంచి జారిపోతాయి. అది తప్పు కాదు, బిగ్గర భాగాల ఆధారంగానే సర్దుబాటు జరగాలి. అయితే కచేరీ అంతటికీ వచ్చే ఒక్క సంఖ్య దాని స్వభావాన్ని చెప్పలేదు. అందుకు ఈబీయూ లౌడ్‌నెస్ రేంజ్ అనే మరో కొలతను ఇచ్చింది. 3 సెకన్ల కొలతలను వరుసగా పేర్చి, కింది 10 శాతం దగ్గరి విలువకూ 95 శాతం దగ్గరి విలువకూ మధ్య దూరాన్ని అది చెబుతుంది. నలిగిన సినిమా పాటలో ఇది కొద్ది యూనిట్లే ఉంటుంది, కచేరీలో బాగా విస్తరిస్తుంది.

సినిమా పాటల సంగతి వేరు. ఒకే చిత్రం పాటలను వరుసగా వింటే ఆల్బమ్ గెయిన్ సబబే. మెలోడీ పాటను ఐటెమ్ సాంగ్‌తో సమానంగా పైకి లేపాల్సిన పనిలేదు, సంగీత దర్శకుడు ఉంచిన తేడా అక్కడ ఉండాలి. కాని మన ఇళ్లలో ఆల్బమ్ ట్యాగు కింద ఎక్కువగా ఉండేది రకరకాల చిత్రాల నుంచి ఏరి కూర్చిన సంకలనం, ఒక గాయకుడి హిట్లు, ఒక దశాబ్దపు యుగళగీతాలు. వాటి మధ్య తేడాలు ఎవరూ కోరి పెట్టినవి కావు. సంకలనాలకు ట్రాక్ గెయినే సరైనది. కొన్ని ప్లేయర్లు వరుసగా వింటున్నప్పుడు ఆల్బమ్ గెయిన్, కలగలిపి వింటున్నప్పుడు ట్రాక్ గెయిన్ వాటంతటవే ఎంచుకుంటాయి. ఉన్నవాటిలో ఇదే మేలైన ఏర్పాటు.

పెంచడానికి ఉన్న హద్దు

తగ్గించడంలో ప్రమాదం లేదు. 16 బిట్ల పాటను 10 డెసిబెల్స్ తగ్గిస్తే రెండు బిట్ల కంటే తక్కువే పోతాయి. నేటి పరికరాలు లోపల 24 బిట్లు లేదా అంతకు మించి లెక్కిస్తాయి కనుక అదీ వినబడదు. చిక్కంతా పెంచడంలో ఉంది. ఒక పాత పాట −23 లఫ్స్ దగ్గర, పీక్ −2 డెసిబెల్స్ దగ్గర ఉందనుకుందాం. లక్ష్యం −18 అయితే 5 డెసిబెల్స్ పెంచాలి, కాని 2 పెంచగానే పీక్ గరిష్ఠాన్ని తాకుతుంది. దాటితే తరంగపు తలలు తెగి గరగర పుడుతుంది. ప్లేయర్ దగ్గర రెండే మార్గాలున్నాయి: 2 దగ్గర ఆగిపోవడం లేదా లిమిటర్ వేయడం. మొదటిదే మేలు. పాటను కాపాడటానికి వచ్చిన పద్ధతి పాటను నలపడం మొదలుపెడితే దానికి అర్థం ఉండదు. −18 వంటి తక్కువ లక్ష్యం పెట్టుకోవడంలోని వివేకం ఇక్కడ తెలుస్తుంది. లక్ష్యం ఎంత కిందుంటే పెంచాల్సిన పాటలు అంత తక్కువ. కరువైన సౌండును ఆంప్లిఫయర్ మీద పెంచుకోవచ్చు.

నిజ పీక్ అన్న మాట పైన వచ్చింది. రెండు అంకెల మధ్య తరంగం ఆ రెంటికంటే ఎత్తుకు వెళ్లవచ్చు. ఫైలులోని అంకెలు 0 దాటకపోయినా, స్పీకరుకు వెళ్లే తరంగం దాటుతుంది. నాలుగు రెట్లు ఎక్కువ బిందువుల వద్ద లెక్కించి ఈ దాగిన ఎత్తును అంచనా వేస్తారు. ఎంపీ3, ఏఏసీ కుదింపు కూడా పీక్‌లను కొంత పైకి నెడుతుంది కాబట్టి 1 డెసిబెల్ ఖాళీ వదలడం అలవాటైంది.

స్ట్రీమింగ్

స్ట్రీమింగ్ సేవలు కూడా ఇలాగే సర్దుతాయి. స్పాటిఫై మామూలు అమరికలో −14 లఫ్స్‌ను లక్ష్యంగా పెట్టుకుంటుంది. మొదట్లో అది రీప్లేగెయిన్‌నే వాడింది. యూట్యూబ్ కూడా −14 దగ్గరే ఉంటుంది, కాని బిగ్గర వీడియోలను తగ్గిస్తుందే తప్ప నెమ్మదివాటిని పెంచదు. పాత తెలుగు పాటలు యూట్యూబ్‌లో అలా నెమ్మదిగానే ఉండిపోవడానికి ఒక కారణం ఇది. యాపిల్ మ్యూజిక్ −16 చుట్టూ నడుస్తుంది. టైడల్ ఆల్బమ్ పద్ధతినే ఎంచుకుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఎల్కో గ్రిమ్ ఆ సంస్థ ఆల్బమ్‌ల మీద చేసిన అధ్యయనం ఈ ఎంపికకు ఆధారమైంది. కలగలిపి వింటున్నప్పుడు కూడా నెమ్మది పాట నెమ్మదిగా ఉండటమే చాలామంది శ్రోతలకు నచ్చుతుందని అందులో తేలింది.

సాధనాలు

ఫూబార్2000 ప్లేయర్‌లో కొలత, సర్దుబాటు రెండూ ఉన్నాయి. ఆర్‌ఎస్‌గెయిన్, లౌడ్‌గెయిన్ వంటి కమాండు సాధనాలు పెద్ద సేకరణను ఒకేసారి కొలిచి ట్యాగులు రాస్తాయి. వీటిలో చాలావాటికి గుండెకాయ యాన్ కోకెముల్లర్ రాసిన లిబ్‌ఈబీయూఆర్128. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని ఈబీయూఆర్128 ఫిల్టరు కొలుస్తుంది. అందులోనే ఉన్న లౌడ్‌నార్మ్ పాటనే మారుస్తుంది కాబట్టి దాచుకునే ప్రతి మీద వాడకూడదు. కొలవబోయే ముందు ఆల్బమ్ పేర్లను సరిచూసుకోవడం అవసరం. అక్షరం తేడాతో రెండుగా చీలిన ఆల్బమ్‌కు రెండు ఆల్బమ్ గెయిన్‌లు వస్తాయి.

పాత పాటల దగ్గర కొలత తడబాటు

మన పాత పాటల విషయంలో ప్రత్యేకంగా గమనించాల్సినవి రెండున్నాయి. మొదటిది మోనో. ఘంటసాల కాలపు సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోలో తయారైనవి. బీఎస్.1770 చానళ్ల శక్తిని కూడుతుంది. అదే పాట ఒకే చానల్ ఉన్న ఫైలుగా ఉంటే ఒక లెక్క, ఎడమ కుడి రెండింటిలోనూ ఒకటే ధ్వని ఉన్న స్టీరియో ఫైలుగా ఉంటే అంతకు 3 యూనిట్లు ఎక్కువ లెక్క వస్తుంది. ప్లేయర్ ఆ ఒక్క చానల్‌నూ రెండు స్పీకర్లకూ పంపుతుంది కాబట్టి చెవికి రెండూ సమానమే. ఫలితంగా ఒకే చానల్ ఉన్న ఫైలుకు కావలసినదానికంటే 3 డెసిబెల్స్ ఎక్కువ గెయిన్ రాసిపెడతారు. పాత రీప్లేగెయిన్ రెండు చానళ్ల సగటు తీసేది కనుక దానిలో ఈ ఇబ్బంది లేదు. కొత్త సాధనాల్లో డ్యూయల్ మోనో అనే అమరిక ఇందుకోసమే ఉంది. పాత పాటలు ఎక్కువగా ఉన్నవారు ముందుగా చూసుకోవాల్సింది దాన్నే.

రెండోది మంద్రం. కే-వెయిటింగ్ అట్టడుగు మంద్రాన్ని మాత్రమే తగ్గిస్తుంది, 100 హెర్ట్జ్ దగ్గరి శక్తి చాలావరకు లెక్కలోకి వస్తుంది. నేటి పాటలో శక్తిలో పెద్ద వాటా ఆ బేస్‌దే. పాత పాటలో శక్తి అంతా గొంతు ఉండే మధ్య భాగంలో ఉంటుంది. మంచి స్పీకర్ల మీద రెండూ సమంగానే వినిపిస్తాయి. ఫోన్ స్పీకరు బేస్‌ను పలికించలేదు. అక్కడ కొత్త పాట తన సౌండులో చాలా భాగం పోగొట్టుకుంటుంది, సంఖ్య సమానమే అయినా ఘంటసాల గొంతే పైకి వినిపిస్తుంది. వంటింట్లో ఫోన్ మీద, కారులో పెద్ద స్పీకర్ల మీద అవే పాటలు వినేవారికి రెండు చోట్లా ఒకే ఫలితం రాకపోవడానికి కారణం ట్యాగులో తప్పు కాదు, వినే పరికరం.

హరికథ, పద్యనాటకం, బుర్రకథ రికార్డింగుల్లో మాటా పాటా కలిసి ఉంటాయి. పాట బిగ్గరగా ఉంటే కొలత పాటవైపు మొగ్గుతుంది, వచనం వెనకబడుతుంది. ఇలాంటి రికార్డింగులను పాటల జాబితాలో కలపకుండా విడి ఆల్బమ్‌గా పెట్టి ఆల్బమ్ గెయిన్ ఇవ్వాలి. వచనం సరిగా వినబడేలా వాల్యూమ్‌ను ఒకసారి చేత్తో పెంచుకుంటే ఆ కథ ముగిసేదాకా మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.